పెనుకొండ బండి, మాడుగుల దారి

జి.మాడుగుల మెయిన్ రోడ్డు పక్కన ఆ షెడ్డుకి బోర్డు లేదు. నాలుగు కర్రలు, పైన రేకులు, జల్లు కొట్టకుండా ఒక పక్క కట్టిన పాత ఫ్లెక్సీ. ఫ్లెక్సీ మీద ఎప్పటి ఎన్నికల అభ్యర్థో తలకిందులుగా నమస్కారం పెడుతున్నాడు. నేల ఏళ్ళ తరబడి ఇంజినాయిలు తాగి నల్లగా గట్టిపడిపోయింది. జాకీ మీద లేపిన వెండిరంగు శాంట్రో కింద నుంచి మేస్త్రీ కాళ్ళు మాత్రం కనబడుతున్నాయి. ఇక్కడ కియా బండ్లు ఎలా తిరుగుతున్నాయో చూద్దామని వచ్చానని చెప్పాను. కాళ్ళు కదలడం ఆగింది.

"కియానా? మా ఊళ్ళో కియాలు ఏటున్నాయి సార్! లంబసింగి ఎల్లినోళ్ళు ఎల్తారు, వంజంగి ఎల్లినోళ్ళు ఎల్తారు. నా కాడ ఆగితే పంచరుకే ఆగుతారు" అని, స్పానర్ అందుకోడానికి చెయ్యి బయటపెట్టాడు.

నిజమే, షోరూములన్నీ కొండ కిందే ఉన్నాయి. కియా గురించి రాయాలనుకున్నవాళ్ళు పెనుకొండ వెళ్తారు, లేదా విశాఖలో ఏ సర్వీస్ సెంటరు ముందో నిలబడతారు. నేను ఇటు రావడానికి కారణం ఉంది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది, జి.మాడుగుల పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చింది. ఒకే రోజు పుట్టిన ఈ జిల్లాల్లో ఒకచోట ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ ఉంది. ఇంకోచోట మంచం కర్రకి కట్టి రోగిని మోసుకొచ్చే డోలీ ఇంకా పోలేదు. అక్కడ తయారైన బండి ఇక్కడి దారిలో ఎంతవరకు వెళ్తుందో చూడాలనిపించింది. ఆంధ్రాలో తయారైందని మనం గొప్పగా చెప్పుకునే కారుని ఆంధ్రా రోడ్డు మీదే కదా పరీక్ష పెట్టాలి.

కింద నుంచి పాడేరు దాకా నన్ను తెచ్చింది కూడా కియానే. విశాఖ ట్రావెల్స్ వాళ్ళ కారెన్స్ అది, మూడు వరసల సీట్లు, డీజిల్. డ్రైవరు చోడవరం కుర్రాడు. కొండ కిందున్న వి.మాడుగులలో హల్వా కొనుక్కుందాం ఆగమంటే, "దిగేటప్పుడు కొనండి సార్. ఇప్పుడు తింటే ఘాట్లో కడుపు తిప్పుద్ది" అన్నాడు. పర్యాటకుల కడుపుల మీద అతనికి మంచి అనుభవం ఉన్నట్టుంది.

ఘాట్ మొదలయ్యాక ఇక మాటల్లేవు. మోదకొండమ్మ పాదాల దగ్గర ఆపి దణ్ణం పెట్టుకుని, మళ్ళీ స్టీరింగ్ పట్టుకున్నాక బండి గురించి చెప్పాడు. ఆ లీటరున్నర డీజిల్ ఇంజిను 115 హార్స్‌పవర్ ఇస్తుందని కంపెనీ చెబుతుంది. అతను పట్టించుకునేది ఆ అంకెని కాదు. టర్బో అందుకోని తక్కువ స్పీడులో, హెయిర్‌పిన్ మలుపు మధ్యలో బండి చచ్చుబడుతుందా లేదా అన్నదే. "రెండో గేర్లో వదలకుండా తిప్పితే లాగుద్ది. బద్ధకించి మూడులో ఉంచితే మలుపులో ఆగిపోద్ది. ఏడుగురు ఎక్కి, నెత్తిన లగేజీ ఉంటే ఏసీ కట్టేస్తాను." దిగేటప్పుడు మాత్రం అతనిది పాత లారీ డ్రైవర్ల సూత్రమే: ఏ గేర్లో ఎక్కామో ఆ గేర్లోనే దిగాలి. ఆటోమేటిక్ బండ్లలో వచ్చే నగరం వాళ్ళకి ఇదే తెలియదు. గేరు 'డీ'లో పెట్టి, కొండంతా బ్రేకు మీద కాలు వేసి దిగుతారు. సగం ఘాట్ దాటేసరికి చక్రాల దగ్గర కాలిన వాసన వస్తుంది. కారు కొరియాదైనా జర్మనీదైనా బ్రేకు ప్యాడ్ వేడెక్కితే పట్టు వదులుతుంది.

పాడేరు నుంచి జి.మాడుగులకి జీపు ఎక్కాను. రాజమండ్రి నుంచి చింతపల్లి, పాడేరు, అరకుల మీదుగా విజయనగరం వైపు వెళ్ళే 516ఈ జాతీయ రహదారి ఈ కొండల మధ్య నుంచే పోతుంది. వెడల్పు పనులు ఏళ్ళుగా సాగుతున్నాయి. తారు వేసిన చోట బండ్లు దూసుకుపోతాయి, తారు ఆగిన చోట దుమ్ములో దారి వెతుక్కుంటాయి.

జనవరిలో మన్యం అంటే కాఫీ కాలం. ఏరిన పళ్ళు ఒకచోట, ఆరబోసిన గింజలు ఒకచోట, చేతికొచ్చిన డబ్బు ఇంకోచోట. ఆ డబ్బుతో ఎక్కువగా కొనేది మోటారు సైకిలు. సెంటర్లో టీ తాగుతూ గంటసేపు రోడ్డు చూశాను. మోటారు సైకిళ్ళు, మనిషి మీద మనిషి కూచున్న సర్వీసు ఆటోలు, టాపు మీద పసుపు బస్తాలూ చీపురు కట్టలూ వేసుకున్న జీపులు, బొలెరో పికప్‌లు. మధ్యమధ్యలో తెల్ల సెల్టోస్, ఎర్ర సోనెట్, క్రెటా ఒకటీ రెండూ హారన్ కొట్టుకుంటూ వచ్చి ఆగకుండా పోయాయి. అద్దాలు దించి ఒకావిడ సెల్‌ఫోన్‌తో వీడియో తీస్తోంది.

ఆ రోడ్డు చూస్తుంటే నాకు కియా వాళ్ళ పాత కథ గుర్తొచ్చింది. టీ కొట్టు దగ్గర ఆటో డ్రైవర్లకి చెబితే ఒక్కరూ నమ్మలేదు.

కియా కార్లతో మొదలైన కంపెనీ కాదు. 1944 డిసెంబరులో, కొరియా ఇంకా జపాన్ పాలన కింద ఉన్నప్పుడు, కిమ్ చుల్ హో అనే ఆయన సియోల్ శివారులో సైకిలు విడిభాగాలు చేసే చిన్న కర్మాగారం పెట్టాడు. తర్వాత కొరియా యుద్ధం వచ్చింది. జనం దక్షిణ తీరంలోని బూసాన్‌కి పారిపోయి తలదాచుకున్న రోజుల్లో, 1952లో, ఆ బూసాన్‌లోనే కొరియా తొలి దేశీయ సైకిలు ఈ కంపెనీలో తయారైంది. కియా అన్న పేరు కంపెనీకి అప్పుడే వచ్చింది. 1960ల మొదట్లో హోండా లైసెన్సుతో చిన్న మోటారు సైకిళ్ళు చేసింది. 1962లో మజ్దా లైసెన్సుతో కె-360 అనే మూడు చక్రాల సరుకు బండి దించింది. దాని ఇంజిను 356 సీసీ. మన దగ్గరి ట్రాలీ ఆటోకి వేలువిడిచిన మేనమామ అనుకోవచ్చు. ఇరుకు సందుల్లో, గతుకుల దారుల్లో, కొరియా జనం బొగ్గూ కూరగాయలూ అందులోనే మోసుకున్నారు. కొరియా కూడా కొండల దేశమే. దేశంలో చాలా భాగం ఎత్తుపల్లాలే, ఆ రోజుల్లో సరైన రోడ్లూ లేవు.

"అంటే ఆళ్ళూ ఆటోలోళ్ళేనా!" అన్నాడు ఒకతను. ఆ మాటకి మిగతావాళ్ళు కొంచెం నిటారుగా కూచున్నారు.

అసలు కారు కియాలో పుట్టింది 1974లో. అంతకుముందు ఏడాది సోహారి అనేచోట కట్టిన ఫ్యాక్టరీ నుంచి బ్రీసా అనే చిన్న కారు వచ్చింది, అదీ మజ్దా నమూనాయే. ఏడేళ్ళు తిరక్కుండానే పెద్ద దెబ్బ తగిలింది. 1981లో కొరియా సైనిక ప్రభుత్వం పరిశ్రమల్ని సర్దుతానని చెప్పి, కియా ఇక కార్లు చేయకూడదని ఆంక్ష పెట్టింది. కార్లు వేరే కంపెనీలకి, చిన్న సరుకు బండ్లు కియాకి అని పంపకం. అప్పుడు కియాని బతికించినది బొంగో. ముందు చిన్న ట్రక్కు, తర్వాత అదే పేరుతో జనాన్ని ఎక్కించుకునే వ్యాను. కూరగాయల వ్యాపారులు, బడి పిల్లలు, పెళ్ళి బృందాలు అందరూ అందులోనే. కొరియాలో ఈ తరహా బండి ఏ కంపెనీది కనబడినా బొంగో అనే పిలిచేంతగా ఆ పేరు పాతుకుపోయింది. 1987లో ఆంక్ష తీసేసరికి కియా ప్రైడ్ కారుతో తిరిగొచ్చింది. అమెరికాలో దాన్నే ఫోర్డ్ ఫెస్టివా పేరుతో అమ్మారు.

సైకిలు, మోటారు సైకిలు, మూడు చక్రాల బండి, సరుకుతో పాటు మనుషుల్నీ మోసే చిన్న వ్యాను. కియా తొలి నలభై ఏళ్ళలో చేసిన ఇలాంటి బండ్లన్నీ జి.మాడుగుల సెంటర్లో నా కళ్ళ ముందే తిరుగుతున్నాయి. వాటిమీద కియా ముద్ర లేదు, అంతే తేడా. ఇక్కడి మనిషికి పనికొచ్చే బండ్లన్నీ చేసిన కియా, అవేవీ తేకుండానే మన దేశానికి వచ్చింది.

షెడ్డుకి తిరిగొచ్చేసరికి మేస్త్రీ బయటికొచ్చి చేతులు కిరసనాయిల్లో కడుక్కుంటున్నాడు. శాంట్రో ఒక స్కూలు మాస్టారిది. కింద చాంబర్, అంటే ఇంజినాయిలు నిలిచే తొట్టి, రాయి తగిలి లోపలికి నొక్కుకుపోయింది. నొక్కు మూలలో సన్న చీలిక. మేస్త్రీ దాన్ని విప్పి, గ్యాస్ వెల్డింగుతో అతికి, మళ్ళీ బిగించే ముందు నాకు చూపించాడు. అతికిన చోట పాత అతుకులు ఇంకా రెండున్నాయి. "ఇది మూడోది సార్. ఇక అతకడానికి రేకు లేదు. దీని కింద ప్లేటు కొడతన్నాను" అంటూ మందపాటి ఇనప రేకు తెచ్చాడు. పాత పికప్ డోరులోంచి కోసిందట. నాలుగు బోల్టు కన్నాలు తీసి, గాలి ఆడటానికి మధ్యలో రెండు చీలికలు పెట్టాడు. ఆ చీలికలు ఎందుకన్నాను. "లేకపోతే బురద అక్కడే నిలిచి ఎండిపోద్ది, ఆయిలు చల్లారదు" అన్నాడు. ఏ కంపెనీ మాన్యువల్లోనూ ఈ అధ్యాయం ఉండదు.

ఆ శాంట్రో చేసిన హ్యుందాయ్ కూడా కొరియాదే, అది భారత్‌లో కంపెనీ పెట్టింది 1996 మేలో. శ్రీపెరంబుదూరులో తయారైన శాంట్రో 1998 సెప్టెంబరులో బజారుకొచ్చింది. ఎత్తుగా, డబ్బాలా ఉందని నవ్వినవాళ్ళే తర్వాత కొన్నారు. తలపాగా పెట్టుకున్నవాడూ, మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడా సుఖంగా ఎక్కి దిగగలిగారు. అప్పుడు మన దేశంలో ఇంకో కొరియా కంపెనీ కూడా ఉండేది. 1995లో సీలో, తర్వాత మాటిజ్ అమ్మిన డేవూ అది. కొరియాలో డేవూ గ్రూపు 1999లో కూలిపోయింది, ఆ తర్వాత ఇక్కడా మూతపడింది. మాటిజ్ కొన్నవాళ్ళు సామాను కోసం పాత ఇనప దుకాణాలు వెతుక్కున్నారు. దాని తర్వాతి రూపం 2007లో చెవ్రొలె స్పార్క్ పేరుతో వచ్చింది. పదేళ్ళకి ఆ కంపెనీ కూడా ఇక్కడ అమ్మకాలు ఆపేసింది. కాబట్టి మన్యంలో పాత బండి కొనేవాడు ముందు అడిగేది మైలేజీ కాదు, సామాను దొరుకుద్దా అని. శాంట్రోకి నర్సీపట్నంలో సామాను దొరుకుతుంది. మాస్టారికి అదొక్కటే చాలు.

కియా కూడా డేవూలాంటి గండం నుంచి బయటపడ్డదే. 1997లో ఆసియా ఆర్థిక సంక్షోభపు గాలి మొదలైనప్పుడు అప్పులు కట్టలేక చేతులెత్తేసింది. 1998లో హ్యుందాయ్ 51 శాతం వాటా కొని తీసుకుంది. అందుకే కియా సెల్టోస్, హ్యుందాయ్ క్రెటా అన్నదమ్ముల బిడ్డల్లా ఉంటాయి. పైన చొక్కా వేరు, లోపల ఇంజినూ గేర్‌బాక్సూ చాలావరకు ఒకటే. ఆ చొక్కా కుట్టినవాడు జర్మనీ వాడు, పీటర్ ష్రేయర్. 2006లో ఆడీ, ఫోక్స్‌వాగన్‌ల నుంచి ఆయన్ని తెచ్చుకున్నాక కియా ముఖం మారింది. అంతకుముందు కియా కొన్నవాళ్ళు చవక కాబట్టి కొన్నామనేవారు. ఆ తర్వాత బాగుంది కాబట్టి కొన్నామంటున్నారు.

మన రాష్ట్రానికి వచ్చిన కథ కొత్తదే కనుక క్లుప్తంగా చెబుతాను. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర, బెంగళూరు హైవే పక్కన 536 ఎకరాలు. 110 కోట్ల డాలర్ల పెట్టుబడి. వానలు లేని నేలకి హంద్రీనీవా నీళ్ళు గొల్లపల్లి రిజర్వాయరుకు చేర్చి అక్కడి నుంచి ఇచ్చారు. 2019 జనవరి 29న ట్రయల్ ఉత్పత్తి అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు చేతుల మీదుగా, డిసెంబరు 5న ఫ్యాక్టరీ ప్రారంభం తర్వాతి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి చేతుల మీదుగా జరిగాయి. దాన్ని ఎవరు తెచ్చారన్న వాదన ఆ తేదీల మధ్యే ఇరుక్కుని ఇప్పటికీ సాగుతోంది, నేను అందులోకి పోను. 2023 జూలైకి పదో లక్ష బండి బయటికొచ్చింది.

జి.మాడుగులలో స్థానికుల కియా ఒకటుందని మేస్త్రీయే చెప్పాడు. సాయంత్రం ఆ ఇంటికి వెళ్ళాను. భార్యాభర్తలిద్దరూ ప్రభుత్వోద్యోగులు. నీలంరంగు సోనెట్, పెట్రోలు. రేకుల వసారా కింద, కాఫీ బస్తాల పక్కన నిలబెట్టారు. ఆవిడే ఎక్కువగా నడుపుతుంది.

"మా నాన్న ఈ రోడ్డు మీద నడిచే వెళ్ళారండీ పాడేరు. మాకు జీపులో నిలబడి వెళ్ళడం అలవాటు. ఉద్యోగం వచ్చాక మొదట కొనుక్కున్నది స్కూటీ, తర్వాత ఇది" అంది. ఎందుకు ఇదే కొన్నారంటే ఆయన ఎత్తు సంగతి చెప్పాడు. నేలకీ బండి పొట్టకీ మధ్య 205 మిల్లీమీటర్లు ఉంటుందని కంపెనీ లెక్క. ఆవిడ కారణం వేరు. "మన రాష్ట్రంలో చేసింది కదా అనుకున్నామండీ. అదొక్కటే కాదులెండి, చూడ్డానికి బాగుంది."

బండి గురించి వాళ్ళకి పెద్ద ఫిర్యాదుల్లేవు. ఉన్నవన్నీ దూరం గురించే. సర్వీసుకి ఘాట్ దిగాలి. పొద్దున్నే బయల్దేరితే చీకటిపడ్డాక ఇంటికి. ఒకరోజు సెలవు, పెట్రోలు ఖర్చు, కింద భోజనం. వెరసి సర్వీసు బిల్లు కంటే సర్వీసుకి వెళ్ళొచ్చే ఖర్చే ఎక్కువ. కారుని ఫోన్‌తో స్టార్ట్ చేయొచ్చన్న సదుపాయం మీద ఆయన సరదాగా నవ్వాడు. వసారాలో సిగ్నలు ఉండదు. ఫోను పట్టుకుని పెరటి చివర జామచెట్టు దాకా వెళ్తే ఒక గీత వస్తుంది. అంతదూరం నడిచేవాడు కారు దగ్గరికే నడవచ్చు కదా. పెద్ద స్క్రీన్‌లో దారి చూపించే మ్యాపు మాత్రం పాడేరు దాటాక మూగబోతుందట. ఆవిడకి అది అవసరమే లేదు. పొగమంచులో రోడ్డంచు కనబడనప్పుడు అద్దం దించి, గెడ్డ చప్పుడు ఎటువైపు వినబడుతోందో చూసుకుని నడుపుతానంది.

మేస్త్రీకి సోనెట్ అంటే కొంచెం బెరుకు. టైరు, బ్రేకు ప్యాడు, బుష్‌ల దాకా అతనే చేస్తాడు. మీటర్ల మీద పసుపురంగు లైటు వెలిగితే మాత్రం ముట్టుకోడు. స్కానర్ కావాలి, స్కానర్ ఉన్నా ఏ కోడ్ ఏమిటో తెలియాలి. కొన్ని మరమ్మతులు రెంచితో జరిగేవి కూడా కాదు. 2022 అక్టోబరులో కియా 44,174 కారెన్స్ బండ్లని వెనక్కి పిలిచింది. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్లో లోపం ఉండొచ్చనీ, ఉంటే సాఫ్ట్‌వేర్ మార్చి ఇస్తామనీ చెప్పింది. ఇలా పిలిచినప్పుడు తప్పనిసరిగా వెళ్ళాలి, ఖర్చు కంపెనీదే. కొండమీద ఉన్నవాళ్ళకి ఆ కబురు అందుతుందా, అందినా ఘాట్ దిగుతారా అన్నది వేరే లెక్క. భద్రత మాటకొస్తే 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో సెల్టోస్‌కి మూడు చుక్కలే వచ్చాయి. తర్వాత వచ్చిన కియా సైరోస్ 2025లో భారత్ ఎన్‌క్యాప్‌లో అయిదు తెచ్చుకుంది. కొనేవాళ్ళు అడగడం మొదలుపెట్టాకనే కంపెనీలు బండిని గట్టిచేస్తాయి. అమెరికాలోనూ అంతే. దొంగతనాన్ని అడ్డుకునే ఇమ్మొబిలైజర్ పరికరం లేకుండా ఏళ్ళ తరబడి కార్లమ్మారు. వాటిని తాళం లేకుండా స్టార్ట్ చేసే కిటుకు కుర్రాళ్ళ వీడియోలకెక్కి వేల బండ్లు పోయాక, 2023లో హ్యుందాయ్, కియాలు యజమానులతో సుమారు 20 కోట్ల డాలర్ల రాజీకి వచ్చాయి.

మర్నాడు నుర్మతి వైపు వెళ్ళాను. సోనెట్లో తీసుకెళ్తామని వాళ్ళు అన్నారు, నేనే వద్దన్నాను. బొలెరో ఎక్కాను, లోపల పదిమందిమి, వెనకాల ఇద్దరు వేలాడుతూ. మొదట సిమెంటు రోడ్డు బాగానే ఉంది. తర్వాత ఎర్రమట్టి వచ్చింది, ఆ తర్వాత రాళ్ళు తేలిన ఎత్తు. ఒక ఎక్కుడు దగ్గర నగరం కారొకటి, ఏ కంపెనీదో రాయను, ముందు చక్రాలు గిర్రున తిరుగుతూ మట్టి చిమ్ముతూ నిలబడిపోయింది. లోపలివాళ్ళు దిగి తోస్తున్నారు. మా డ్రైవరు బొలెరో పక్కకి ఆపి, దిగి చూసి, "తొయ్యకండి బాబూ. అందరూ వెనక్కొచ్చి, బండి మొత్తం వెనక్కి దించండి" అన్నాడు.

ఎందుకో అతనే చెప్పాడు. ఈ కొత్త బండ్లు చాలావాటికి ఇంజిను బలం ముందు చక్రాలకే వెళ్తుంది. సెల్టోస్, సోనెట్, కారెన్స్ అన్నీ అంతే. కొండ ఎక్కేటప్పుడు బరువు వెనక్కి జారుతుంది, వెనక సీట్లో మనుషులు, డిక్కీలో సామాను ఉంటే ఇంకా జారుతుంది. ముందు చక్రాలు తేలికై పట్టు వదిలేస్తాయి. బొలెరోకీ జీపుకీ బలం వెనక చక్రాలకి. జనం ఎంతమంది ఎక్కితే అంత పట్టు. "అందుకే ఆ ఇద్దర్నీ వెనకాల ఏలాడనిస్తాను" అన్నాడు. కిక్కిరిసిన సర్వీసు జీపుని చూసి మనం తిట్టుకుంటాం. అది తప్పే, ప్రమాదమే. కానీ ఆ వేలాడే మనుషుల బరువుతోనే బండి ఎక్కుతోందన్న సంగతి నాకు అక్కడే తెలిసింది. అంటే ఆ కారు ఆగినచోట తప్పు కారుది కూడా కాదు. తారురోడ్డు కోసం పుట్టిన బండిని తారు లేనిచోటికి తెచ్చారు.

బొలెరో కూడా ఒకచోట ఆగింది. గెడ్డ అవతల కాలిబాటే. అటువైపు ఊళ్ళ నుంచి గర్భిణిని తేవాలంటే ఇవతలిదాకా డోలీ, ఇక్కడి నుంచి బండి. 2018లో ఫీడర్ అంబులెన్సులు వచ్చాయి, మోటారు సైకిలుకి పక్కన చక్రం వేసి మంచం బిగించినవి. బైకు వెళ్ళగల దారి ఉన్నచోట అవి కొంత ఆదుకున్నాయి. గిరిజన గూడేలకి రోడ్లు వేస్తామంటూ 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడులో అడవితల్లి బాట పనులు ప్రారంభించారు, వెయ్యి కోట్ల రూపాయల పైమాటే. ఈ కొండల్లో రోడ్డు అంటే ఒకప్పుడు జనం వణికిన మాట. నర్సీపట్నం నుంచి చింతపల్లి మీదికి రోడ్డు వేయించడానికి తెల్లదొరల అధికారులు కూలి ఎగ్గొట్టి గిరిజనులతో వెట్టి చేయించారు. ఆ మంట కూడా కలిసే, 1922 ఆగస్టు 22న అల్లూరి దళం చింతపల్లి పోలీసు స్టేషను మీద పడింది. సెల్టోస్ అమ్మకాలు మొదలైందీ ఆగస్టు 22నే, 97 ఏళ్ళ తర్వాత. కాకతాళీయమే. రోడ్డంటే వణికిన అదే కొండల జనం ఇప్పుడు రోడ్డు వేయమని కలెక్టరాఫీసు ముందు కూచుంటున్నారు.

తిరిగొచ్చాక టీ కొట్టు దగ్గర ఆటోవాళ్ళకి ఇంకో కబురు చెప్పాను. 2025 జనవరిలో ఢిల్లీ వాహన ప్రదర్శనలో హ్యుందాయ్ వాళ్ళు టీవీఎస్‌తో కలిసి కరెంటుతో నడిచే మూడు చక్రాల బండి నమూనా పెట్టారు. వాన నీళ్ళు నిలిచినచోట బండి ఎత్తు పెంచుకునే ఏర్పాటు కూడా చూపించారు. కియా కూడా కొరియాలో పీవీ5 అనే కరెంటు వ్యానుతో సరుకు రవాణా వైపు మళ్ళుతోంది. నమూనా అప్పటికింకా నమూనాయే, ఎప్పుడు అమ్ముతారన్నది తేలలేదు.

నిన్న "ఆళ్ళూ ఆటోలోళ్ళేనా" అన్నతనే ముందు అడిగాడు. "ఎంతమంది ఎక్కుతారు?"

ముందు ఒకరు, వెనకాల ముగ్గురు ఉండొచ్చన్నాను.

"నలుగురితో ఏటొస్తాది సార్, డీజిలు కర్చు రాదు" అన్నాడు పక్కవాడు. "కరెంటుదిరా, డీజిలెందుకు" అన్నాడింకొకడు. కరెంటైతే గాలివాన రాత్రి తీగ తెగితే మూడు రోజులు రాదని, అప్పుడు ఏం చార్జింగు పెడతావని వాదన లేచింది. మేస్త్రీ షెడ్డులోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, బలం ముందు చక్రానికా వెనక చక్రాలకా అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. "అది కనుక్కుని చెప్పండి సార్. ఎనకయితే చూద్దాం" అని, శాంట్రో మాస్టారికి ఫోన్ చేసి బండి తీసుకెళ్ళమన్నాడు.